మోవర్ బ్లేడుకు పదును పెడితే చాలా, మార్చేయాలా? విప్పాలంటే టెన్షన్‌గా ఉంది

వెనకతోట

నమస్కారం అండీ. మా ఇంట్లో పెట్రోలు లాన్ మోవర్ ఉంది. వెనక నడుస్తూ తోసుకెళ్లే రకం. ఒకటే బ్లేడు, తాడు లాగితే స్టార్ట్ అవుతుంది. మొన్న గడ్డి కోస్తుంటే మట్టిలోంచి పైకి తేలిన చెట్టు వేరు ఒకటి తగిలి ఠక్కున ఆగిపోయింది. మళ్లీ తాడు లాగితే స్టార్ట్ అయింది గానీ, అప్పటి నుంచి హ్యాండిల్ ఒకటే వణుకుడు. కాసేపు పట్టుకుంటే అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి. నిజానికి వేరు తగలక ముందు నుంచే కోత సరిగ్గా లేదు. కోసిన మర్నాటికి గడ్డి చివరలు పీచులు పీచులుగా చీలి తెల్లబడుతున్నాయి.

కింద టార్చి వేసి చూశాను. పదును అంచు మీద అక్కడక్కడ సొట్టలు ఉన్నాయి. అంతకంటే నన్ను కంగారు పెట్టింది ఇంకొకటి. బ్లేడు చివర, వెనక వైపు పైకి లేచి ఉండే భాగం ఉంటుంది కదా, అది మొదలయ్యే చోట సన్నటి గాడి కనిపించింది. అది తయారీలోనే ఉన్నదో, అరిగి వచ్చినదో తెలియలేదు.

విప్పి సుత్తితో సరిచేసి ఆకురాయి పడితే సరిపోతుందని మా మామగారు అంటున్నారు. కొత్తది కొనేద్దామని మా వారు అంటున్నారు. ఎలాగైనా విప్పేది నేనే, ఇంట్లో పానాలు పట్టుకునేది నేనే. బోల్టులు విప్పడం కొత్త కాదు, కానీ బ్లేడు దగ్గర చెయ్యి పెట్టాలంటే టెన్షన్. ఇంజను ఆపేస్తే చాలా? మోవర్‌ను ఏ వైపు వాల్చాలి? ఆ గాడి ఉన్న బ్లేడును ఇంకా వాడొచ్చా?

నీలిగేటు

వణుకు మొదలైంది అంటున్నారు కాబట్టి సంగతి తేలేదాకా దాన్ని స్టార్ట్ చెయ్యకండి. "ఇంకొంచెం మిగిలింది, అది కోసేసి చూద్దాం" అని కూడా వద్దు. ఇక ఇంజను ఆపేస్తే చాలా అంటే, చాలదు. స్పార్క్ ప్లగ్ వైరు పీకాలి. మిగతాది పానా బాబాయ్ వచ్చి చెప్తారు, ఈ విషయంలో ఆయన మాటే నేనూ వింటాను.

పాతపానా

అమ్మా, చిన్న ఇంజన్లు బాగుచేయడమే నా పని, చాలా ఏళ్లుగా. బ్లేడు చూపించమంటే అందరూ పదును అంచునే చూపిస్తారు. మీరు మాత్రం సరిగ్గా చూడాల్సిన చోటు చూశారు. మొద్దుబారిన అంచు గడ్డిని పాడుచేస్తుంది, అంతే. మనిషిని గాయపరిచేది మీరు చెప్పిన ఆ గాడి. అందుకే దాని సంగతే ముందు చెప్తాను.

బ్లేడు చివర పైకి లేచిన భాగాన్ని మేం రెక్క అంటాం. అది తిరుగుతూ కింద నుంచి గాలిని పైకి లాగుతుంది. ఆ గాలికే వాలిన గడ్డి నిటారుగా నిలబడుతుంది, కోసిన గడ్డి బస్తాలోకి పోతుంది. గాలితో పాటు ఇసుక, దుమ్ము కూడా పైకి వస్తాయి. బల్లపరుపు భాగం ఆగి రెక్క వంపు మొదలయ్యే మూల ఉంటుందే, ఆ ఇసుక అక్కడే రాసుకుంటుంది. రాసుకుని రాసుకుని ముందు ఆ మూల పలచబడుతుంది, తర్వాత గాడి పడుతుంది, ఆ తర్వాత గాడి బెజ్జం అవుతుంది. చివరికి రెక్క ముక్క ఊడిపోతుంది. పదును అంచు కొత్తగా మెరుస్తున్నా సరే, ఇది లోపల్లోపల జరిగిపోతూనే ఉంటుంది. ఇసుక నేలల్లో మరీ త్వరగా.

ఆ ముక్క ఊడితే ఎంత వేగంతో ఎగురుతుందో లెక్క వేసి చెప్తాను. 53 సెంటీమీటర్ల బ్లేడు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, దాని కొన గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. ఆ వేగంతో బయటికి వచ్చే ఇనుప ముక్కను మోవర్ డెక్కు, అంటే బ్లేడును కప్పి ఉండే డొప్ప, ప్రతిసారీ ఆపుతుందని నేను నమ్మను. కాబట్టి మీ బ్లేడుకు పదునూ వద్దు, సుత్తీ వద్దు. గాడి పడిన బ్లేడును తీసేయాల్సిందే. ఇందులో రెండో మాట లేదు.

మామగారికి నా మాటగా చెప్పండి, ఆయన అన్నది పూర్వం పలుగులకూ గునపాలకూ సరిపోయిన పద్ధతే. మోవర్ బ్లేడు సంగతి వేరు. దానికి తయారీలోనే వేడిచేసి చల్లార్చి, గట్టితనమూ సాగే గుణమూ తగుపాళ్లలో ఉండేలా చేస్తారు. రాయి తగిలితే వంగాలే గానీ పగలకూడదు. వంగినదాన్ని సుత్తితో వెనక్కి వంచితే ఆ మడత దగ్గర కంటికి కనబడని పగుళ్లు పుడతాయి. వెల్డింగు అయితే ఇంకా ప్రమాదం. అతికించిన చోటు పక్కన ఆ గుణమంతా పోతుంది. వంగిన బ్లేడు, పగిలిన బ్లేడు, గాడి పడిన బ్లేడు, మూడింటికీ ఒకటే మందు, కొత్త బ్లేడు.

ఇక విప్పే పని. టార్చి వేసి చూసేటప్పుడు ప్లగ్ వైరు పీకారో లేదో మీరు రాయలేదు. ఇకమీద కింద చూడాలన్నా సరే, అదే మొదటి పని. ఎందుకో చెప్తాను. తాడు లాగి స్టార్ట్ చేసే ఇంజనుకు బ్యాటరీ అక్కర్లేదు. పైన ఫ్లైవీలు, అంటే ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రం ఉంటుంది, దాని అంచులో అయస్కాంతం ఉంటుంది. అది కాయిల్ పక్క నుంచి పోయినప్పుడల్లా కరెంటు పుట్టి ప్లగ్ దగ్గర స్పార్కు వస్తుంది. మీ మోవర్‌లో బ్లేడు, ఫ్లైవీలు ఒకే షాఫ్టు మీద ఉంటాయి. మీరు కింద బ్లేడును చేత్తో తిప్పారంటే పైన తాడు లాగినట్టే. సిలిండర్లో కాస్త పెట్రోలు ఆవిరి ఉంటే ఇంజను ఒక్క చుట్టు తిరగొచ్చు. వేళ్లు పోవడానికి ఆ ఒక్క చుట్టు చాలు. చాలా మోవర్లలో హ్యాండిల్ వదిలేస్తే స్పార్కు ఆగిపోతుంది, నిజమే. కానీ ఆ కేబుల్, ఆ స్విచ్చి ఆ రోజు పనిచేస్తున్నాయని నమ్మి నా చెయ్యి మాత్రం పెట్టను.

వైరు టోపీని పీకి ఊరికే పక్కన వదిలేయకండి. దానికి స్ప్రింగు గుణం ఉంటుంది, జారి మళ్లీ ప్లగ్‌ను తాకుతుంది. ఒక గుడ్డపీలికతో హ్యాండిల్ వైపు కట్టేయండి. ఇంజను పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. సైలెన్సరు చాలాసేపు వేడిగా ఉంటుంది, దాని మీద పెట్రోలు చుక్క పడిందంటే అంతే సంగతి.

వాల్చే వైపు గురించి అడిగారు. ఎయిర్ ఫిల్టరు, కార్బొరేటరు పైకి వచ్చేలా వాల్చాలి. తిరగేసి వాల్చితే ఇంజనాయిలు ఫిల్టరులోకి పోతుంది, తర్వాత స్టార్ట్ చేస్తే తెల్లపొగ ముంచెత్తుతుంది. కొన్ని మోడళ్లలో ముందు చక్రాలు పైకి లేపి హ్యాండిల్‌ను నేలకు ఆనించమంటారు. మీ మోవర్ పుస్తకంలో ఏది ఉంటే అదే చెయ్యండి. ట్యాంకులో పెట్రోలు అడుగంటినప్పుడు ఈ పని పెట్టుకుంటే సగం గొడవ ఉండదు. ఇంకా ఉంటే ట్యాంకు మూత కింద పలచటి ప్లాస్టిక్ కాగితం పెట్టి మూత బిగించండి, కారదు. పని అయ్యాక ఆ కాగితం గుర్తుగా తీసేయాలి. మూతలో గాలి పోయే చిన్న బెజ్జం ఉంటుంది, అది మూసుకుంటే పెట్రోలు దిగక ఇంజను ఆగిపోతుంది.

వాల్చాక ఒక చెక్కముక్కను బ్లేడుకూ డెక్కు గోడకూ మధ్య ఇరికించండి. బోల్టు తిప్పుతుంటే బ్లేడు తిరగకుండా ఆ చెక్కే ఆపాలి, మీ రెండో చెయ్యి కాదు. మందపాటి తోలు గ్లౌజులు తప్పనిసరి. బ్లేడు మొద్దుగా ఉంది కదా అని తీసిపారేయకండి. సొట్ట పడిన అంచు చర్మాన్ని ఇంకా ఘోరంగా చీలుస్తుంది. బోల్టుకు సరిగ్గా సరిపోయే సాకెట్టు, పొడుగాటి పిడి తీసుకోండి. అటూ ఇటూ సర్దుకునే స్క్రూ పానాతో బోల్టు మూలలు అరగదీయకండి. పానా జారితే మీ చెయ్యి ఎటు పోతుందో ముందే చూసుకోండి, అటువైపు బ్లేడు కొన ఉండకూడదు.

కింద నుంచి చూస్తే ఎక్కువ మోవర్ల బోల్టు మామూలు మరే, గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పితే వదులవుతుంది. ఎడమ మర ఉన్నవీ కొన్ని ఉంటాయి. బలం పెట్టే ముందు పుస్తకం ఒకసారి చూడండి. విప్పే ముందు ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీయండి. బ్లేడు ఏ ముఖం నేల వైపు ఉంది, వాచరు వంపు ఎటు ఉంది అన్నది బిగించేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

మెత్తనికోత

బాబాయ్ చెప్పింది పెట్రోలు మోవర్‌కి. నాది బ్యాటరీది, ఇలాంటివి వాడేవాళ్ల కోసం ఒక మాట కలుపుతాను. దీనికి ప్లగ్ వైరు ఉండదు కాబట్టి బ్యాటరీని బయటికి తీసి దూరంగా పెట్టాలి, తాళం లాంటి సేఫ్టీ కీ ఉంటే అదీ తీయాలి. స్విచ్ ఆఫ్ చేసి బ్యాటరీ లోపలే ఉంచి బ్లేడు పట్టుకోవడం చాలా తప్పు. కరెంటు వైరుతో నడిచేదైతే ప్లగ్ గోడ నుంచి ఊడదీసి, ఆ ప్లగ్ మన కంటి ముందు ఉండేలా పెట్టుకోవాలి. లేకపోతే ఇంట్లో ఎవరో మంచికే పెట్టేస్తారు.

రెండు బ్లేడులు ఉన్న మోవర్లలో ఇంకో చిక్కు ఉంది. ఒకదాన్ని తిప్పితే రెండోదీ తిరుగుతుంది. ఎడమ చేత్తో ఒకటి పట్టుకుని కుడి చేత్తో ఇంకోటి తిప్పే పని పెట్టుకోవద్దు.

చెక్కముక్క కంటే బ్లేడును డెక్కుకు బిగించి పట్టే క్లాంపు మేలని నా అనుభవం. చెక్క జారుతుంది.

పాతపానా

క్లాంపు మంచిదే, ఉంటే వాడండి. చెక్క జారుతోందంటే చిన్నముక్క పెట్టారని అర్థం. బ్లేడు వెడల్పంత లావుండి, డెక్కు లోతుకు నిండుగా ఆనే ముక్క కావాలి. ఇంకో సంగతి, విప్పేటప్పుడు బ్లేడుకు ఒక పక్కన పెట్టిన చెక్కను బిగించేటప్పుడు రెండో పక్కకు మార్చాలి. తిప్పే దిశ మారింది కదా.

బ్యాటరీ గురించి మెత్తనికోత గారు చెప్పింది అక్షరాలా నిజం.

వెనకతోట

బాబాయ్ గారూ, ప్లగ్ వైరు పీకి గుడ్డతో కట్టేశాను, ఫిల్టరు పైకి పెట్టి వాల్చాను. కానీ బోల్టు కదలట్లేదు. పిడి వంగుతుందేమో అనిపించేంత బలం పెట్టాను. పుస్తకంలో మామూలు మర అనే ఉంది.

ఇంకో సందేహం. షాపులో చూస్తే "అన్ని మోవర్లకూ సరిపోతుంది" అని రాసి ఉన్న బ్లేడులు ఉన్నాయి. అవి తీసుకోవచ్చా? నా దాని మీద నంబరు చెరిగిపోయింది.

పాతపానా

బోల్టు చుట్టూ అతుక్కున్న గడ్డి ముద్ద ముందు చెక్కపుల్లతో గీకేయండి. తుప్పు వదిలించే ఆయిలు మర మీద కొద్దిగా వేసి కాసేపు వదిలేయండి. తొందరపడితే లాభం లేదు. డెక్కు మీదకో, బ్లేడు వెనక బ్రేకు గానీ క్లచ్చి గానీ ఉంటే దాని మీదకో పోకుండా చూసుకోండి. తర్వాత పిడికి పొడుగు పైపు తొడిగి, ఒక్కసారిగా ఊడబెరకకుండా నిదానంగా బరువు వెయ్యండి. అయినా రాకపోతే తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. మర తెగిన బోల్టును షాఫ్టులోంచి తీయడం కంటే అదే నయం.

"అన్నిటికీ సరిపోతుంది" అన్న బ్లేడు నేనైతే వేయను. వాటితో నాలుగైదు రకాల వాచర్లు ఇస్తారు, ఏ వాచరు వేయాలో తేల్చుకోవడంలోనే పొరపాటు జరుగుతుంది. బ్లేడు మీద నంబరు పోయినా మోవర్ డెక్కు మీద మోడల్ నంబరు చీటీ ఉంటుంది, దాన్ని బట్టి సరైన బ్లేడు దొరుకుతుంది. కొనే ముందు పాతదాన్ని కొలిచి పోల్చుకోండి. పొడవును ఒక కోసే కొన నుంచి ఎదురుగా ఉన్న కోసే కొన దాకా ఐమూలగా కొలవాలి, నిలువుగా కాదు. మధ్య బెజ్జం గుండ్రమా, నక్షత్రం ఆకారమా, పక్కన చిన్న బెజ్జాలు ఉంటే వాటి మధ్య దూరం ఎంత, మందం ఎంత, రెక్క ఎంత ఎత్తు లేచింది, ఇవన్నీ కలవాలి. పొడవు కాస్త ఎక్కువైనా పర్లేదులే అనుకోవద్దు. డెక్కుకు తగలకపోయినా కొన వేగం పెరుగుతుంది, ఆ మోవర్ దానికోసం తయారైంది కాదు.

బ్లేడు ఊడి వచ్చాక మరొకటి చూడాలి. ఈ కొత్త బ్లేడు ఎన్నాళ్లు ఉంటుందన్నది దాని మీదే ఆధారపడి ఉంది. బ్లేడు వెనక, షాఫ్టు చివర కూర్చునే అడాప్టరు ఉంటుంది. దానికి పగులు ఉందా, అది షాఫ్టుకు పట్టేలా మధ్యలో కూర్చునే చిన్న లోహపు ముక్క, దాన్నే కీ అంటాం, అది తెగిందా చూడండి. వేరుకు తగిలి ఠక్కున ఆగింది అన్నారు కాబట్టి అడుగుతున్నా.

తర్వాత షాఫ్టు. కొత్త బ్లేడు బిగించాక, ప్లగ్ వైరు ఇంకా పీకే ఉండగా, గ్లౌజు వేసుకుని బ్లేడును మెల్లగా తిప్పండి. ఒక కొన డెక్కు అంచుకు దగ్గరికి వచ్చిన చోట స్కేలు పెట్టి ఎంత ఎత్తులో ఉందో చూడండి. అరచుట్టు తిప్పి రెండో కొనను అదే చోట అదే స్కేలుతో చూడండి. రెండింటికీ 3 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉందంటే, కొత్త బ్లేడు కాబట్టి తప్పు బ్లేడుది కాదు, క్రాంక్ షాఫ్టు వంగింది. అప్పుడు మోవర్ స్టార్ట్ చెయ్యకండి. వంగిన షాఫ్టును కొట్టి సరిచేసే వాళ్లు ఉంటారు, వాళ్ల జోలికి పోవద్దు. మామగారి సుత్తి విషయంలో చెప్పిందే ఇక్కడా, ఇంకా గట్టిగా చెప్తున్నాను.

షాఫ్టు బాగుండి, తాడు మాత్రం వెనక్కి గుంజుతూ స్టార్ట్ అవడానికి మొరాయిస్తే ఫ్లైవీలు కింద ఉన్న మెత్తటి కీ తెగి ఉండొచ్చు. అది తెగడం మంచిదే, దెబ్బ ఇంజనుకు పోకుండా తాను తీసుకుంటుంది. కానీ అది మెకానిక్ చూడాల్సిన పని.

పెద్దమైదానం

కూర్చుని నడిపే మోవర్ ఉన్నవాళ్లు ఈ చర్చ చదివి ఇలాగే చెయ్యకండి. దాన్ని జాకీతో లేపి, జాకీ మీదే ఉంచి కింద దూరడం చాలా మంది చేస్తారు, నా కళ్ల ముందే జరిగింది. జాకీ లేపడానికి మాత్రమే. లేపాక గట్టి స్టాండులు పెట్టి, మోవర్ వాటి మీద కూర్చున్నాకే చెయ్యి పెట్టాలి. తాళం తీసి జేబులో వేసుకోవాలి, పార్కింగ్ బ్రేకు వేయాలి, నేల మీదే ఉన్న చక్రాలకు అడ్డం పెట్టాలి, ప్లగ్ వైర్లు పీకాలి. ఎక్కువ వాటిలో డెక్కునే కిందకి దించి బయటికి లాగేసే వీలుంటుంది. కాస్త శ్రమే గానీ నేను అదే చేస్తాను. బయట తిరగేసిన డెక్కు మీద పని చేస్తే తల మీద బరువు ఉండదు.

వెనకతోట

బోల్టు వచ్చింది! ఆయిలు వేసి రాత్రంతా వదిలేస్తే పొద్దున పెద్దగా కష్టపడకుండానే కదిలింది. బ్లేడు చేతిలోకి వచ్చాక వెలుతురుకు అడ్డం పెట్టి చూశాను. గాడి ఒక చోట పూర్తిగా అవతలికి తెగి సన్నటి వెలుగు గీత కనిపించింది. రెండో వైపు రెక్క దగ్గర గాడి లేదు గానీ, గోటితో తడిమితే అక్కడా పలచబడిందని తెలుస్తోంది. మామగారు కూడా వెలుతురులో చూసి, "ఇది పనికిరాదమ్మా, పక్కన పెట్టెయ్" అన్నారు.

మోడల్ నంబరు చూసి అదే బ్లేడు, బోల్టు తెప్పించాను. అడాప్టరు కీ బాగానే ఉంది. పగులు ఉందో లేదో కంటికి తెలియట్లేదు, నల్లగా మసి పట్టి ఉంది. ఎలా చూడాలి? బోల్టు ఎంత బిగించాలి? కొత్త బ్లేడుకు కూడా బ్యాలెన్సు చూడాలా?

పాతపానా

అవతలికి తెగిందంటే సరిగ్గా వేళకు విప్పారు తల్లీ.

అడాప్టరు పగులు చూడటానికి మా షెడ్డులో పాత పద్ధతి ఒకటి ఉంది. దాన్ని శుభ్రంగా కడిగి ఆరబెట్టి, కిరోసిన్ రాసి కాసేపు ఉంచండి. తర్వాత పొడిగుడ్డతో బాగా తుడిచేసి, తడి లేకుండా చూసి, పైన సుద్దపొడి పలచగా అద్దండి. పగులు ఉంటే అందులోకి దిగిన కిరోసిన్ మెల్లగా పైకి ఊరి తెల్లటి సుద్ద మీద సన్నటి తడిగీత కనిపిస్తుంది. గీత రాకపోతే పైకి తెరుచుకున్న పగులు కనబడలేదని మాత్రమే అర్థం. పక్కన పొయ్యి, బీడీ ఏవీ ఉండకూడదు. బాగున్న బ్లేడు మధ్య బెజ్జం చుట్టూ కూడా ఇదే పరీక్ష చేయొచ్చు, పగుళ్లు మొదలయ్యే రెండో చోటు అదే.

కొత్త బ్లేడు పెట్టేటప్పుడు రెక్కలు డెక్కు వైపు, అంటే ఇంజను వైపు లేచి ఉండాలి. పదును అంచు బ్లేడు తిరిగే దిశకు ముందు ఉండాలి. కొన్నిటి మీద ఏ ముఖం గడ్డి వైపో రాసి ఉంటుంది. తలకిందులుగా బిగించినా బ్లేడు పడుతుంది, తిరుగుతుంది, గడ్డిని మాత్రం కోయకుండా నలిపేస్తుంది. అలా బిగించి "కొత్త బ్లేడు పదును లేదు" అని నా దగ్గరికి తెచ్చేవాళ్లు ఉన్నారు.

బిగింపు మాత్రం అందాజాగా వద్దు, టార్క్ రెంచి, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా వాడండి. తోసే మోవర్లలో చాలావాటికి 50 నుంచి 80 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ పుస్తకంలో ఉన్న అంకెకే కట్టుబడండి. తక్కువైతే బ్లేడు జారుతుంది, ఎక్కువైతే బోల్టు సాగి ఒక రోజు తెగుతుంది. కొత్త బోల్టు తెప్పించారు, మంచి పని చేశారు. కరెంటు గన్నుతో బిగించకండి. మరకు ఆయిలు, గ్రీజు రాయడమూ పుస్తకంలో ఉంటేనే. మర జారుడుగా ఉంటే అదే అంకెకు బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది.

కొత్త బ్లేడు మామూలుగా బ్యాలెన్సుతోనే వస్తుంది, అయినా ఒకసారి చూడటంలో తప్పులేదు. రేపు దీనికి పదును పెట్టినప్పుడు ఈ పని ఎలాగూ చేయాలి. గోడకు మేకు అడ్డంగా కొట్టి మధ్య బెజ్జం దానికి తగిలించి వదలండి. తక్కెడలా రెండు వైపులా సమంగా ఆగితే సరే. ఒక వైపు కిందికి వాలితే అటు బరువు ఎక్కువ, ఆ వైపే కొద్దికొద్దిగా ఇనుము తీయాలి. నక్షత్రం బెజ్జం అయితే మేకు సరిగ్గా మధ్యలో కూర్చోదు, దానికి శంకు ఆకారపు బ్యాలెన్సరు కావాలి.

పదును గురించి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. 20, 25 గంటల వాడకానికి ఒకసారి చూడండి. తయారీలో ఇచ్చిన వాలే ఉంచాలి, సుమారు 30 డిగ్రీలు ఉంటుంది. పై ముఖం నుంచి మాత్రమే ఆకురాయి పట్టాలి, అడుగు ముఖాన్ని తాకకూడదు. గడ్డం గీసే బ్లేడంత పదును అక్కర్లేదు. అంత సన్నటి అంచు మొదటి గులకరాయికే మడత పడుతుంది. గ్రైండరు వాడితే కళ్లద్దాలు పెట్టుకుని, ఆగి ఆగి తాకించండి. అంచు నీలం రంగుకు తిరిగిందంటే అక్కడ గట్టితనం పోయినట్టే.

ప్లగ్ వైరు అన్నిటికంటే ఆఖరున పెట్టండి. చెక్కముక్క లోపల ఉండిపోలేదని చూసుకున్నాకే. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు పిల్లలు, కుక్కలు దగ్గర లేకుండా చదునైన చోట పెట్టి, హ్యాండిల్ వెనకే నిలబడండి. గడ్డి బయటికి వచ్చే మూతి వైపు ఎవరూ ఉండకూడదు. హ్యాండిల్ వదిలాక బ్లేడు ఎంతసేపట్లో ఆగుతుందో కూడా గమనించండి. తోసే మోవర్లలో అది 3 సెకన్లలో ఆగాలని అమెరికాలో 1982 నుంచి నిబంధన ఉంది, ఇప్పుడు ఎక్కువ మోవర్లు అలాగే వస్తున్నాయి. అంతకంటే ఎక్కువసేపు తిరుగుతుంటే బ్రేకు అరిగింది. వణుకు కొంచెమైనా ఉంటే వెంటనే ఆపేసి నాకు రాయండి. అంతా బాగుంటే ఒకసారి గడ్డి కోసి వచ్చాక, వైరు మళ్లీ పీకి, బోల్టు అదే అంకెకు ఉందో లేదో ఇంకోసారి చూడండి.

వెనకతోట

సుద్దపొడి మీద గీత రాలేదు. బిగించాను, స్కేలుతో చూస్తే రెండు కొనలకూ తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. వణుకు పోయింది, హ్యాండిల్ వదిలితే వెంటనే ఆగుతోంది. చాలా చాలా థాంక్స్ బాబాయ్ గారూ, మిగతా అందరికీ కూడా. పాత బ్లేడును షెడ్డులో గోడకు ఆనించి పెట్టాను. దాన్ని ఏం చేయాలి?

పాతపానా

షెడ్డులో ఉంచొద్దమ్మా. అర్జెంటుగా బ్లేడు కావాల్సి వచ్చిన రోజు ఎవరో ఒకరు "ఇది ఉంది కదా" అని బిగిస్తారు. వైసులో గట్టిగా పట్టించి, ఆ గాడి ఉన్న చోట హాక్‌సాతో అడ్డంగా కోసేయండి, ఇక ఏ మోవర్‌కీ పడదు. రెండు ముక్కలనూ మందపాటి అట్టలో చుట్టి టేపు వేసి, పైన "పదునైన ఇనుము" అని రాసి పాత ఇనుములో వేయండి. సంచిలో చెయ్యి పెట్టే మనిషికి తెలియాలి కదా.